గవర్నర్ ఎన్నికలో రెండో విడత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికా రాష్ట్రాల గవర్నర్ ఎన్నికల్లో 'రనాఫ్' పేరుతో జరిగే రెండో విడత పోలింగ్ మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్ర: గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు కదా! అమెరికాలో దానికి ఎన్నికేమిటి, అదీ రెండుసార్లు ఎందుకు?

జ: నియామకం మన దగ్గర. అక్కడ గవర్నర్ అంటే రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపే మనిషి. బడ్జెట్ తయారు చేయించడం, బిల్లుల మీద సంతకం పెట్టడం లేదా వీటో చేయడం, శాఖాధిపతులను వేసుకోవడం ఆయన పనులు. మన ముఖ్యమంత్రికి దగ్గరి పదవి, కాకపోతే ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు.

యాభై రాష్ట్రాల్లో ఎక్కువ చోట్ల మనకు అలవాటైన లెక్కే. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలుపే, ఆ వచ్చింది 38 శాతమైనా సరే. లూసియానా, జార్జియా, మిసిసిపీ రాష్ట్రాలు మాత్రం సగం దాటాలంటాయి. ఎవరూ దాటకపోతే మొదటి ఇద్దరినే నిలబెట్టి మళ్లీ ఓటింగ్ పెడతాయి. ఇది కాక టెక్సస్, అలబామా, సౌత్ కరోలినా లాంటి చోట్ల పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీలో కూడా సగం నిబంధన ఉంది. అక్కడి రనాఫ్ పార్టీ టికెట్ కోసం, పదవి కోసం కాదు. వార్తలు చదివేటప్పుడు ఈ రెండూ కలిపేసుకుంటే ఏమీ అర్థం కాదు.

ప్ర: లూసియానాలో ఈ ఎన్నిక ఏ వరసలో జరుగుతుంది?

జ: గవర్నర్ పదవికి అక్కడ పార్టీల వారీ ప్రైమరీ లేదు. డెమోక్రాట్లు, రిపబ్లికన్లు, ఏ పార్టీకీ చెందనివాళ్లు అందరూ ఒకే బ్యాలట్ మీద ఉంటారు. ఒకే పార్టీ నుంచి నలుగురు నిలబడినా అడ్డు చెప్పేవారు లేరు. పోలింగ్ అక్టోబరులో ఒక శనివారం. ఎవరికైనా సగానికి మించి వస్తే ఆ రోజుతోనే సరి. 2023 అక్టోబరు 14న జెఫ్ లాండ్రీ 51.6 శాతంతో అలాగే గెలిచారు. రాకపోతే మొదటి ఇద్దరూ అయిదు వారాల తర్వాత, నవంబరులో ఇంకో శనివారం తలపడతారు. ఇద్దరూ ఒకే పార్టీ వాళ్లయినా నిబంధన మారదు. గెలిచినవారు జనవరి రెండో సోమవారం ప్రమాణం చేస్తారు. పదవి నాలుగేళ్లు, వరసగా రెండుసార్లకు మించి కుదరదు.

ఈ పద్ధతి వెనక ఎడ్విన్ ఎడ్వర్డ్స్ ఉన్నారు. 1971-72లో ఆయన డెమోక్రాటిక్ ప్రైమరీ, దాని రనాఫ్, ఆపైన రిపబ్లికన్‌తో అసలు ఎన్నిక, ఇలా మూడుసార్లు పోరాడాల్సి వచ్చింది. రిపబ్లికన్ అభ్యర్థి మాత్రం దాచుకున్న డబ్బుతో, అలసట లేకుండా చివరి పోటీకి దిగారు. ఎడ్వర్డ్స్ గవర్నరయ్యాక అందరినీ ఒకే బ్యాలట్‌లోకి తెచ్చారు. గవర్నర్ ఎన్నికలో ఇది మొదట అమలైంది 1975లో. తన పార్టీకి మేలు జరుగుతుందనుకున్న ఈ మార్పే 1979లో ఒక రిపబ్లికన్‌ను గెలిపించింది. ఆ సంగతి కింద వస్తుంది. 2026 నుంచి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సీట్లు, మరికొన్ని పదవులకు లూసియానా మళ్లీ పార్టీ ప్రైమరీలకు మళ్లింది కానీ గవర్నర్ పదవిని ఆ చట్టంలో చేర్చలేదు.

ఓటరు వైపు నుంచి చూస్తే తెలుసుకోవాల్సినవి ఇవి. మొదటి విడతలో ఓటు వేయనివారు రెండో విడతలో వేయవచ్చు. ఓటరుగా నమోదు కావడానికి గడువు, నేరుగా వెళ్లినా పోస్టులో పంపినా పోలింగ్‌కు 30 రోజుల ముందు, ఆన్‌లైన్‌లో అయితే 20 రోజుల ముందు. రెండు విడతల మధ్య 35 రోజులు ఉంటాయి కాబట్టి, తొలి విడత ఫలితం చూశాక నమోదై రెండో విడతకు అందుకోవచ్చు. ముందస్తు ఓటింగ్ పోలింగ్‌కు 14 రోజుల ముందు మొదలై 7 రోజుల ముందు ముగుస్తుంది, ఆదివారాలు ఉండదు. జనం ఎక్కువగా దెబ్బతినేది పోస్టల్ బ్యాలట్ దగ్గర. సాధారణ ఓటరు బ్యాలట్ పోలింగ్ ముందు రోజు సాయంత్రం 4:30కల్లా ఓటర్ల రిజిస్ట్రార్ కార్యాలయానికి చేరాలి. పోలింగ్ రోజు చేరినా అది చెల్లదు.

ప్ర: తొలి విడతలో బాగా ముందున్నవారు రెండో విడతలో ఎలా ఓడిపోతారు? వచ్చిన ఓట్లు ఎక్కడికి పోతాయి?

జ: ఎక్కడికీ పోవు, లెక్కలోంచి తీసేస్తారు. రెండో విడత సున్నా నుంచి మొదలయ్యే కొత్త ఎన్నిక. అందుకే తొలి విడతలో తేడా ఎంత అన్నదానికంటే, ముందున్న మనిషికి సగం ఎంత దూరం అన్నది చూడాలి.

2003 లూసియానా ఎన్నిక తీసుకోండి. భారతీయ మూలాలున్న రిపబ్లికన్ బాబీ జిందాల్‌కు తొలి విడతలో 33 శాతం, రెండో స్థానంలో ఉన్న కాథ్లీన్ బ్లాంకోకు 18 శాతం. అంటే 15 శాతం ఆధిక్యం. కానీ అవతల డెమోక్రాట్ల ఓట్లు బ్లాంకోతో పాటు రిచర్డ్ అయూబ్, బడ్డీ లీచ్ మధ్య చీలి ఉన్నాయి. ఆ చీలికలు రెండో విడతలో ఒక చోటికి చేరాయి. నవంబరు 15న బ్లాంకో 52-48తో గెలిచారు. జిందాల్ 2007లో తొలి విడతలోనే 54 శాతం తెచ్చుకుని ఈ బెడద తప్పించుకున్నారు.

పార్టీల వారీగా కూడితే చాలా అంటే అదీ చాలదు. 2015లో డేవిడ్ విటర్, స్కాట్ ఏంజెల్, జే డార్డెన్ అనే ముగ్గురు రిపబ్లికన్లకు కలిపి సుమారు 57 శాతం వచ్చింది. డెమోక్రాట్ జాన్ బెల్ ఎడ్వర్డ్స్‌కు 40. కాగితం మీద విటర్ గెలవాలి. కానీ తొలి విడతలో ఆయన తోటి రిపబ్లికన్ల మీద చేసిన దాడి ఎంత ఘాటుగా ఉందంటే, డార్డెన్ ఏకంగా ఎడ్వర్డ్స్‌కు మద్దతు ప్రకటించారు. ఫలితం ఎడ్వర్డ్స్‌కు 56, విటర్‌కు 44. రెండో విడత ఉందని తెలిసి కూడా సొంత పార్టీ వాడిని చావగొట్టడం తెలివితక్కువ పని అని నా అభిప్రాయం. కానీ రెండో స్థానం కోసం జరిగే తోపులాటలో అభ్యర్థులు అదే చేస్తుంటారు.

మూడోది, పోలింగ్ కేంద్రానికి ఎవరు వచ్చారన్నది. 2019లో ఎడ్వర్డ్స్‌కు తొలి విడతలో 46.6 శాతం, ఇద్దరు రిపబ్లికన్లు ఎడ్డీ రిస్పోన్, రాల్ఫ్ ఏబ్రహామ్‌లకు కలిపి 51. అప్పటి అధ్యక్షుడు ట్రంప్ వచ్చి సభలు పెట్టారు. అయినా ఎడ్వర్డ్స్ 51.3 శాతంతో నెగ్గారు. తొలి విడతలో దాదాపు 13.4 లక్షల మంది ఓటేస్తే రెండో విడతలో 15 లక్షల మంది వచ్చారు. పెరిగిన ఓట్లలో పెద్ద వాటా న్యూ ఆర్లియన్స్ లాంటి నగరాలది. లూసియానాలో జిల్లాను పారిష్ అంటారు, ఆ నగరం ఉన్న ఆర్లియన్స్ పారిష్‌లో ఆయనకు దాదాపు 90 శాతం పడింది. గెలుపు తేడా మాత్రం సుమారు 40 వేలే. రెండో విడతకు జనం తగ్గిపోతారని అందరూ అంటారు. పార్టీ ప్రైమరీ రనాఫ్‌లలో మామూలుగా అదే జరుగుతుంది కానీ గవర్నర్ పీఠమే తేలే రోజున లెక్క తిరగబడవచ్చు.

ప్ర: అయితే తొలి విడతలో మొదటి స్థానానికి విలువ లేనట్టేనా?

జ: రెండో స్థానానికే ఎక్కువ విలువ. 1979 లూసియానాలో రిపబ్లికన్ డేవిడ్ ట్రీన్‌కు 22 శాతం వచ్చింది. రెండో స్థానం కోసం ఇద్దరు డెమోక్రాట్లు లూయీ లాంబర్ట్, జిమ్మీ ఫిట్జ్‌మారిస్ చెరి 21 శాతం దగ్గర నిలిచారు. కొద్ది వేల ఓట్లతో లాంబర్ట్ ముందుకు వెళ్లారు. ఆ ఓట్ల మీద వివాదం రేగింది. ఓడిన నలుగురు డెమోక్రాట్లూ తమ పార్టీ వాడిని వదిలి ట్రీన్ వైపు వెళ్లారు. ట్రీన్ పదివేల లోపు తేడాతో గెలిచారు.

1991 ఇంకా విచిత్రం. అధికారంలో ఉన్న గవర్నర్ బడ్డీ రోమర్ 27 శాతంతో మూడో స్థానానికి జారిపోయారు. మిగిలింది అవినీతి కేసులు ఎదుర్కొన్న మాజీ గవర్నర్ ఎడ్విన్ ఎడ్వర్డ్స్ (34), నల్లజాతివారిని ద్వేషించే కూ క్లక్స్ క్లాన్ సంస్థ మాజీ నాయకుడు డేవిడ్ డ్యూక్ (32). మధ్యేమార్గం వాళ్లకు నచ్చిన మనిషి బరిలోనే లేరు. 'దొంగకే ఓటేయండి, ఇది ముఖ్యం' అనే స్టికర్లు కార్ల మీద వెలిశాయి. ఎడ్వర్డ్స్‌కు 61, డ్యూక్‌కు 39. సగం నిబంధన ఉన్నంత మాత్రాన ఎక్కువమంది ఇష్టపడేవారే గెలుస్తారని లేదు. ఎక్కువమంది వద్దనుకునేవారు మాత్రం దాదాపుగా గెలవలేరు.

ప్ర: 'సగం' అంటే దేనిలో సగం? నమోదైన ఓటర్లలోనా, పోలైన ఓట్లలోనా?

జ: ఆ పదవికి పడి, చెల్లిన ఓట్లలో. పోలింగ్ కేంద్రానికి వెళ్లి గవర్నర్ గడి ఖాళీగా వదిలేసినవారు లెక్కలోకి రారు.

2018 జార్జియా లెక్క చేసి చూడండి. రిపబ్లికన్ బ్రయన్ కెంప్ 19,78,408. డెమోక్రాట్ స్టేసీ ఏబ్రమ్స్ 19,23,685. లిబర్టేరియన్ పార్టీ అభ్యర్థి 37,235. మొత్తం 39,39,328, అందులో సగం 19,69,664. కెంప్ సగం కంటే 8,744 ఎక్కువలో ఉన్నారు. అయితే ఆయన్ను సగానికి దించడానికి అవతలివారికి 8,744 ఓట్లు సరిపోవు. కొత్తగా పడే ప్రతి ఓటూ మొత్తాన్ని కూడా పెంచుతుంది కనుక దానికి రెట్టింపు, అంటే 17,488 కావాలి. ఏబ్రమ్స్ వర్గం పది రోజుల పాటు తాత్కాలిక బ్యాలట్లు (ఓటరు అర్హత తేలాకే లెక్కపెట్టేవి), పోస్టల్ బ్యాలట్ల వెంట పడింది ఈ అంకె కోసమే. కెంప్‌ను దాటడానికి 54,723 పైనే కావాలి, రెండో విడత తెప్పించడానికి అందులో మూడో వంతు చాలు. పట్టుమని ఒక శాతం రాని మూడో అభ్యర్థి ఎందుకు ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది.

అభ్యర్థి తప్పుకున్నా పేరు బ్యాలట్ మీద మిగిలిపోతే ఇదే చిక్కు. 2023లో మిసిసిపీలో మూడో అభ్యర్థి అక్టోబరులో పోటీ మానుకున్నారు, అప్పటికే బ్యాలట్లు ఖరారయ్యాయి. ఆమె పేరుకు పడ్డ ఓట్లూ మొత్తంలో కలిశాయి. టేట్ రీవ్స్‌కు 50.9 శాతం రావడంతో నవంబరు 28న జరగాల్సిన రెండో విడత తప్పింది.

ప్ర: మా అమ్మాయి అట్లాంటాలో ఉంటుంది, ఈమధ్యే పౌరసత్వం వచ్చింది. మే నెల ప్రైమరీలో ఒక పార్టీకి ఓటేసి, రనాఫ్‌లో రెండో పార్టీకి వేయవచ్చా?

జ: ప్రైమరీ రనాఫ్‌లో కుదరదు. జార్జియాలో ఓటరు నమోదులో పార్టీ ఉండదు. ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలట్ కావాలో అడిగి తీసుకుంటారు. మీ అమ్మాయి మేలో డెమోక్రాటిక్ బ్యాలట్ తీసుకుని ఉంటే, నాలుగు వారాల తర్వాత జూన్‌లో జరిగే రనాఫ్‌లోనూ అదే దొరుకుతుంది. మేలో అసలు వేయకపోతే జూన్‌లో ఏదైనా ఎంచుకోవచ్చు. నవంబరు సాధారణ ఎన్నికకూ, దాని తర్వాత డిసెంబరులో వచ్చే రనాఫ్‌కూ ఈ కట్టుబాటు లేదు.

మీ అమ్మాయి జాగ్రత్త పడాల్సింది గడువుల దగ్గర. 2021లో వచ్చిన చట్టంతో జార్జియాలో రెండు విడతల మధ్య 28 రోజులే మిగిలాయి. నమోదు గడువు దాదాపు 29 రోజుల ముందే ముగుస్తుంది కాబట్టి, 2022 డిసెంబరు 6న జరిగిన సెనేట్ రనాఫ్‌కు గడువు నవంబరు 7. అంటే తొలి విడత పోలింగ్‌కు ముందు రోజే! లూసియానాలోలా ఫలితం చూసి నమోదు కావడం ఇక్కడ సాగదు. పోస్టల్ బ్యాలట్ కావాలంటే రనాఫ్‌కు విడిగా దరఖాస్తు పెట్టాలి. 65 ఏళ్లు నిండినవారు, వికలాంగులు, సైన్యంలో ఉన్నవారు ఏడాదికి ఒకేసారి అడగవచ్చు, మిగతావారికి ఆ వెసులుబాటు లేదు. దరఖాస్తు పోలింగ్‌కు 11 రోజుల ముందు చేరాలి, నింపిన బ్యాలట్ పోలింగ్ రోజు రాత్రి 7 గంటలకల్లా కౌంటీ (జిల్లా) కార్యాలయంలో ఉండాలి. తపాలా ముద్ర తేదీని లెక్కలోకి తీసుకోరు. దరఖాస్తు మీదా, తిరుగు కవరు మీదా డ్రైవింగ్ లైసెన్సు నంబరు రాయడం మరిచిపోయినవాళ్ల బ్యాలట్లు ఆగిపోతాయి. 28 రోజుల్లో ఇవన్నీ కుదరాలంటే ముందస్తు ఓటింగ్‌కు వెళ్లి వేయడమే మేలు.

ఒక హెచ్చరిక కూడా. ఇంట్లో గ్రీన్‌కార్డు మీద ఉన్నవారు ఓటరుగా నమోదు కాకూడదు. లైసెన్సు కార్యాలయంలో ఫారం నింపేటప్పుడు పొరపాటున 'అవును' అని గుర్తు పెట్టినా తర్వాత పౌరసత్వం దరఖాస్తుకే అడ్డం పడవచ్చు.

ప్ర: జార్జియా ప్రైమరీ రనాఫ్‌లో కూడా ఫలితం తిరగబడుతుందా?

జ: తరచుగా. 2018 రిపబ్లికన్ ప్రైమరీలో కేసీ కేగల్‌కు 39, కెంప్‌కు 25.5. రనాఫ్‌కు ఆరు రోజుల ముందు ట్రంప్ కెంప్‌కు మద్దతు తెలిపారు, కెంప్ 69 శాతంతో నెగ్గారు. 2010లో కరెన్ హ్యాండెల్ 34, నేథన్ డీల్ 23. రనాఫ్‌లో డీల్ దాదాపు 2,500 ఓట్లతో గట్టెక్కి, తర్వాత గవర్నరయ్యారు.

ప్ర: ఇద్దరిలో ఒకరు రెండో విడతకు ముందే తప్పుకుంటే?

జ: లూసియానాలో మిగిలినవారు గెలిచినట్టే. 1987లో రోమర్‌కు 33, ఎడ్విన్ ఎడ్వర్డ్స్‌కు 28 వచ్చాయి. ఎడ్వర్డ్స్ ఆ రాత్రే చేతులెత్తేశారు. మూడో వంతు ఓట్లతోనే రోమర్ గవర్నరయ్యారు.

ప్ర: రెండో విడత పెట్టని చోట సగం నిబంధన ఉంటే ఏం చేస్తారు?

జ: శాసనసభ తేలుస్తుంది, చిక్కంతా అక్కడే. జార్జియాలో 1966లో రిపబ్లికన్ బో కాలవే డెమోక్రాట్ లెస్టర్ మాడక్స్ కంటే దాదాపు 3 వేల ఓట్లు ముందున్నారు. మాజీ గవర్నర్ ఎలిస్ ఆర్నాల్ పేరును కొందరు బ్యాలట్ మీద చేత్తో రాయడంతో ఇద్దరికీ సగం అందలేదు. అమెరికా సుప్రీంకోర్టు కూడా రాష్ట్ర రాజ్యాంగం చెప్పినట్టే చేయవచ్చంది. డెమోక్రాట్లతో నిండిన శాసనసభ 1967 జనవరిలో 182-66తో మాడక్స్‌ను ఎన్నుకుంది. ఆ తర్వాతే, 1968లో, గవర్నర్‌కు రనాఫ్ వచ్చింది. అయితే నవంబరు ఎన్నికలో ఎవరికీ సగం రాక గవర్నర్ పీఠం రనాఫ్‌కు వెళ్లిన సందర్భం జార్జియాలో ఇంతవరకు లేదు.

మిసిసిపీలో 1890 రాజ్యాంగం ప్రకారం రెండు గీతలు దాటాలి. మొత్తం ఓట్లలో సగం, రాష్ట్ర ప్రతినిధుల సభకున్న 122 నియోజకవర్గాల్లోనూ సగానికి మించి. నల్లజాతి ఓటర్లు బలపరిచిన మనిషి పీఠం ఎక్కకుండా వేసిన బిగింపు అది. 1999లో రానీ మస్‌గ్రోవ్‌కు 49.6 శాతం, ఆయనకూ ప్రధాన ప్రత్యర్థికీ చెరి 61 నియోజకవర్గాలు వచ్చాయి. సభ 86-36తో మస్‌గ్రోవ్‌ను ఎన్నుకుంది. 2020 నవంబరులో ఓటర్లు ఈ నిబంధనను తీసేసి రనాఫ్ పెట్టుకున్నారు. వెర్మాంట్‌లో మాత్రం ఈనాటికీ శాసనసభదే నిర్ణయం. 2014 ఎన్నికలో 46 శాతం వచ్చిన పీటర్ షమ్లిన్‌ను 2015 జనవరిలో రహస్య ఓటుతో 110-69గా ఎన్నుకున్నారు.

ప్ర: రెండో విడత పెట్టుకుని వదిలేసిన రాష్ట్రం ఏదైనా ఉందా?

జ: అరిజోనా. 1986 ముక్కోణపు పోటీలో 40 శాతంతో గెలిచిన ఇవాన్ మెకమ్‌ను 1988లో శాసనసభ అభిశంసించి తొలగించింది. ఆ ఏడాదే ఓటర్లు సగం నిబంధన తెచ్చారు. 1990లో ఫైఫ్ సిమింగ్టన్‌కు 49.6, టెరీ గొడార్డ్‌కు 49.2. చేత్తో రాసిన పేర్లు ఇద్దరినీ సగానికి కాస్త దూరంలో ఆపేశాయి. రెండో విడత 1991 ఫిబ్రవరి 26న జరిగింది, సిమింగ్టన్ 52 శాతంతో గెలిచారు. అప్పటిదాకా పాత గవర్నర్ రోజ్ మాఫర్డ్ మార్చి వరకు కొనసాగాల్సి వచ్చింది. కొత్త గవర్నర్ రాకుండానే శాసనసభ సమావేశాలు మొదలైపోయాయి. 1992లో ఓటర్లే దాన్ని రద్దు చేశారు. నా దృష్టిలో తప్పు సగం నిబంధనది కాదు. రెండు విడతల మధ్య పదహారు వారాలు పెట్టడమే దాన్ని ముంచింది.

ప్ర: రెండో విడతలో తేడా చాలా తక్కువ వస్తే?

జ: జార్జియాలో తేడా అర శాతం లోపుంటే ఓడినవారు రీకౌంటింగ్ అడగవచ్చు. లూసియానాలో దానంతట అదే జరిగే రీకౌంటింగ్ లేదు, అభ్యర్థి కోరాలి. అది కూడా ముఖ్యంగా పోస్టల్ బ్యాలట్లకే పనికొస్తుంది, యంత్రం అంకె మారదు. ఆపైన కోర్టు. 2023 నవంబరులో అక్కడి కాడో పారిష్ షెరిఫ్ (స్థానిక పోలీసు అధిపతి) ఎన్నిక ఒక్క ఓటుతో తేలింది. రీకౌంటింగ్‌లోనూ అదే ఒక్క ఓటు. చెల్లని ఓట్లు కొన్ని పడ్డాయని తేలడంతో కోర్టు కొత్త ఎన్నిక పెట్టించింది, 2024 మార్చిలో జరిగింది.

ప్ర: ఒకేసారి ఓటు వేయించి ప్రాధాన్యత క్రమంతో తేల్చేయవచ్చు కదా, ఇంత ఖర్చెందుకు?

జ: అలాస్కా అదే చేస్తోంది. ప్రైమరీలో మొదటి నలుగురు నవంబరుకు వెళతారు, ఓటరు వారికి 1, 2, 3, 4 అంకెలు వేస్తాడు. 2022లో మైక్ డన్‌లేవీకి మొదటి ప్రాధాన్యతలోనే 50.3 శాతం రావడంతో మిగతా అంకెలు చూడాల్సిన పని పడలేదు. మెయిన్‌లో ప్రైమరీకి ఈ పద్ధతి ఉంది కానీ, ఎక్కువ ఓట్లొచ్చినవారే గవర్నర్ అని రాష్ట్ర రాజ్యాంగం అంటుంది కనుక నవంబరులో వాడరు. కాలిఫోర్నియా, వాషింగ్టన్‌లది వేరే దారి. తొలి విడతలో 60 శాతం వచ్చినా మొదటి ఇద్దరూ నవంబరుకు వెళ్లాల్సిందే.

అంకెల బ్యాలట్‌లో లోటు, రెండో స్థానం ఎవరిదో తెలియకముందే ఓటరు అన్నీ నిర్ణయించేసుకోవాలి. 1991 లూసియానాలో జనం ఇద్దరినీ నాలుగు వారాల పాటు ఎదురెదురుగా చూశాకే మనసు గట్టి చేసుకున్నారు, ఆ వ్యవధి ఇందులో దొరకదు. అయినా జార్జియా, లూసియానా కూడా దీన్ని ఒక వర్గానికి వాడుతున్నాయి. విదేశాల్లో ఉన్న సైనికులకూ పౌరులకూ కొత్త బ్యాలట్ వెళ్లి వచ్చేసరికి గడువు దాటిపోతుందని, తొలి విడతతోనే అంకెలు వేసే బ్యాలట్ కూడా పంపుతాయి. రెండో విడత రోజున ఆ కవరు తెరిచి, బరిలో మిగిలిన ఇద్దరిలో ఎవరి పక్కన చిన్న అంకె ఉందో చూసి వారికి ఆ ఓటు కలుపుతారు.